మారుకేక

ఇంట్లో కూర్చొని చిలకల్ని ఎలా తోలాలో రాహేలుకు అర్థం కాలేదు. ఎదురుగా చేనూ లేదు, చిలకలూ లేవు. మంచం మీద కాళ్లు ముడుచుకొని మొగుడు కూర్చున్నాడు. అతని చేతిలో ఫోను, ఒళ్లో ల్యాప్‌టాపు.

"కానీ మే. చేలో ఎట్ల కేకేస్తావో అట్లనే ఎయ్" అన్నాడు జాషువా.

"సిగ్గేస్తుంది బావా. వీధిలో వాళ్లు ఏమనుకుంటారు?"

"రోజూ తిప్పంతా మోగేట్టు అరుస్తావు. ఈరోజు యాడ నుంచి వచ్చింది సిగ్గు?"

చేలో అరవడం వేరు. అక్కడ గుంపు కంటపడగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. రాహేలు కళ్లు మూసుకుంది. పాలు పోసుకున్న సజ్జకంకుల మీదికి పచ్చగా దిగుతున్న చిలకల్ని తలుచుకుంది. కడుపులోకి గాలి లాక్కొని ఒక్క కేక వేసింది.

"ఓ... హోయ్!"

కొట్టంలో బర్రె ఉలిక్కిపడి పలుపు తెంపుకోబోయింది. జాషువా మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. కేకకు ముందున్న ఊపిరినీ, వెనక వచ్చిన ఆయాసాన్నీ కత్తిరించి పారేశాడు. మధ్యలో మిగిలిన ముక్కను ఆమె వైపు తిప్పి చూపించాడు. తుమ్మకంప అడ్డంగా పడేసినట్టు తెర నిండా ముళ్లముళ్లుగా గీతలు.

"ఏంది ఇది?"

"నీ గొంతే. ఇంక దీనికి జలుబు చెయ్యదు, అలుపు రాదు. పెట్టెలో పెట్టి చేలో నిలబెడితే చిలకలు వాలినప్పుడల్లా అదే అరుస్తుంది. మనిద్దరం పోనక్కర్లేదు."

రాహేలుకు గుచ్చుకున్నది ఆ చివరి మాటే.

సజ్జ కంకి తొడిగినప్పుడు మొగుడూ పెళ్లాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. పొద్దెక్కేదాకా చేను, పొద్దెక్కినాక కంప్యూటరు. జాషువా చచ్చిన కంప్యూటర్లను బతికిస్తాడు. మార్కాపురంలో కంప్యూటర్ల దుకాణం నడిపే నాగూర్ వలి తన వల్ల కానివన్నీ సంచిలో వేసి కొనకనమిట్ల బస్సుకు ఎక్కిస్తాడు. అవి ఇంటికి వచ్చాయంటే జాషువాకు పగలూ తెలియదు, ఆకలీ తెలియదు. తాగడు, పేకాటకు పోడు, బంగారం లాంటి మొగుడని చర్చిలో ఆడవాళ్లంతా అంటారు. రాహేలు కూడా కాదనదు. కానీ బంగారాన్నైనా అప్పుడప్పుడు బయటికి తీసి పెట్టుకోవాలి గదా! గంప కింద మొలిచిన గింజలాగా మనిషి తెల్లగా పాలిపోతుంటే ఆమె చూడలేకపోయింది. అందుకే పట్టుబట్టి చేనికి రప్పించింది.

వచ్చాడు కొన్నాళ్లు. మొదట ఎండ అన్నాడు, కళ్ల ముందు ముసిరే నుసుమన్నాడు. వడిసెలలో రాయి పెట్టి తిప్పితే రాయి వెనక్కి పోయి అతని చెప్పుల దగ్గరే పడింది. పక్క చేలోంచి భాగ్య కడుపు పట్టుకొని నవ్వింది. నాలుగు పొద్దులు గడిచేసరికి రాయి చిలకల దాకా పోయింది, మొహానికి రంగు తిరిగింది. మంచె నిచ్చెన ఊగుతోందని మార్కాపురం నుంచి నీలం నైలాను తాడు తెచ్చి మెట్టుమెట్టుకూ కట్టాడు. ఆ మంచె మీద ఇద్దరూ కాళ్లు వేలాడేసి సద్ది తిన్నారు. రాహేలు అడిగింది కాపలాకు తోడు కాదు. ఆ పూటనే అడిగింది. ఇప్పుడు ఆ మనిషే కంప్యూటర్ తలకాయతో ఆలోచించి, ఆ పూటను ఖర్చు కింద రాసి కొట్టేస్తున్నాడు.

"నేను పోతాలే బావా, నాకేం కష్టం?" అంది.

"ఇంట్లో సుఖంగా ఉండమంటే పోతానంటావేంది?" అని నవ్వి, అతను చెయ్యి చాపాడు. "నీ ఫోను ఇటియ్యి. పెట్టెకు కన్ను కావాల. దీని కెమెరా బాగుంటుంది. వారంలో నీకు వేరేది చేసి ఇస్తా."

ఆమె ఫోను ఇచ్చేసింది.

పెట్టె చేలోకి దిగిన రోజు ఊళ్లో సగం మంది వచ్చి చూశారు. చేను మధ్య గట్టు మీద వెదురుబొంగు పాతి, చర్చివాళ్లు పక్కన పడేసిన పాత మైకు గొట్టాన్ని దాని కొనకు బిగించాడు జాషువా. గొట్టం కింద ఒక ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో రాహేలు ఫోను, డబ్బాకు కోసిన రంధ్రంలోంచి బయటికి చూస్తూ దాని కన్ను. నీడ పడని దక్షిణం గట్టున సోలారు పలక, బ్యాటరీ. అక్కడి నుంచి సజ్జ సాళ్ల మధ్యగా, మంచె పక్కనుంచి బొంగు దాకా తీగ లాగాడు. తీగ చాలకపోతే మంచె దగ్గర ఇంకో ముక్క అతికించాడు. రెండు కొసల తోలూ పళ్లతో ఒలిచి, మెలేసి, నల్లటేపు చుట్టాడు.

"తీగ తొక్కుతానేమో, షాకు కొట్టదా?" అని అడిగింది రాహేలు. అడవిపందులకని చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టడం, వాటికి మనుషులు బలైపోవడం ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన భయమే.

"టార్చిలైటు కరెంటంతే మే ఇది. చేత్తో పట్టుకున్నా ఏంగాదు."

చూసేవాళ్లకు అర్థమయ్యేట్టు అన్నీ విడమరిచి చెప్పాడు. గాలికి ఊగితే పెట్టె పట్టించుకోదు. చేలో ఏదైనా గబుక్కున కదిలిందా, కేకేస్తుంది. కేక వేసినప్పుడల్లా ఇంట్లో ఉన్న అతని ఫోనులో టింగుమంటుంది. ఫొటోలు పంపితే డేటా అయిపోతుందని ఉత్త టింగే పెట్టాడు. పెట్టెకు కరెంటు అందకపోతే మాత్రం అతని ఫోను సైరన్ మోగినట్టు ఏడుస్తుంది.

"నీ బిడ్డను కూడా ఇంత భద్రంగా చూసుకోవేమో జాషువా!" అన్నారెవరో. అందరూ నవ్వారు. జాషువా అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఇంతకీ పెట్టె అందరికీ నచ్చింది గానీ, భాగ్యకు మాత్రం మొదటిరోజే దాంతో చెడింది.

ఆ తిప్ప కింది చేలల్లో ఒక పద్ధతుంది. ఒక చేలో కాపలా మనిషి కేక వేస్తే, వినపడిన పక్క చేనివాళ్లు తిరిగి కేక వెయ్యాలి. దాన్ని మారుకేక అంటారు. ఇక్కడ లేచిన చిలకలు అక్కడ వాలకుండా అదొక ఉపాయం. ఒంటరిగా ఉన్న మనిషికి 'నేనున్నాలే' అని చెప్పడం కూడా. మధ్యలో కందిచేనూ చిన్న వాగూ ఉన్నాయి కాబట్టి పేరు పెట్టి పిలిస్తే మాట విరిగిపోతుంది, సాగదీసిన కేక ఒక్కటే దాటుతుంది. రెండు కేకలకు మారుకేక రాలేదంటే చేతిలో పని వదిలేసి వెళ్లి చూడాలి. పాము కరిచిందో, కళ్లు తిరిగాయో, ఎవరికి తెలుసు? ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఎవరూ తప్పలేదు.

పెట్టె సంగతి ఇంకా తెలియని భాగ్య ఆ పొద్దున తన చేలో మంచె ఎక్కేసరికే రాహేలు కేక వినిపించింది. పలికింది. మళ్లీ వినిపించింది. మళ్లీ పలికింది. ఊపిరి తిప్పుకునేలోపు మళ్లీ. ఏందీ పిల్ల, ఈరోజు ఇంత ఉషారుగా ఉంది అనుకుంటూ పలికింది. గొంతు ఎండిపోయి మాట రాకపోయేసరికి, ఏం ఆపద ముంచుకొచ్చిందోనని వాగు దాటి ఆయాసపడుతూ వచ్చింది. వస్తే చేలో మనిషి లేదు. బొంగు మీద గొట్టం ఉంది. ఆమె అడుగుల కదలికకు అది "ఓ... హోయ్!" అని ఆమె మొహం మీదే అరిచింది.

ఆ కోపంతో నేరుగా ఇంటికి వచ్చింది భాగ్య.

"పొద్దున్నించి గొట్టానికి పలికినా మే! గొట్టానికి!" అంది బొంగురు గొంతుతో. "నా అంత ఎర్రిది ఉందా ఊళ్లో? ఒక మాట చెప్పొద్దా ముందు?"

"మర్చిపోయినా భాగ్యక్కా, తప్పయింది" అంది రాహేలు. నవ్వు రాబోయింది. భాగ్య కళ్లల్లో నీళ్లు చూసి ఆగిపోయింది.

"ఇంక నీ గొంతు వింటే పలికేది లేదు, చెప్తున్నా. పెట్టెకు మారుకేక ఎయ్యడానికి నాకేమన్నా పిచ్చా?"

లోపల్నుంచి జాషువా ఫోను టింగుమంది. "చూసినావా అక్కా, మళ్లీ వచ్చినయ్, మళ్లీ తోలింది" అన్నాడు అతను సంబరంగా, తల ఎత్తకుండానే.

తర్వాత రోజులన్నీ ఆ టింగుల్లోనే గడిచాయి. జాషువా ముందు ఏదో బడికి సంబంధించిన కంప్యూటర్లు వరసగా బోర్లా పడి ఉన్నాయి. స్క్రూలు సీసా మూతల్లో, చేతిలో కాలే సోల్డరింగు పుల్ల, ఇల్లంతా లక్క కాలిన వాసన. టింగుమన్నప్పుడల్లా అతని మూతి మీద చిన్న నవ్వు మెరిసేది. "పొద్దెక్కేదాకా చేను అన్నావు బావా" అని రాహేలు రెండుమూడుసార్లు గుర్తు చేసింది. "చేను నా దగ్గరికే వచ్చింది గదా" అన్నాడు ఫోను చూపించి. ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది.

ఆమె మాత్రం బర్రెకు గడ్డి కోసుకొచ్చే నెపంతో రోజూ చేనికి పోతూనే ఉంది. గట్టు మీద ఎక్కడ నడిచినా తన గొంతే తనను తరిమేది. మొదట్లో ఉలిక్కిపడేది, తర్వాత అసహ్యం పుట్టింది. అవతలి నుంచి మారుకేక లేదు. వాగవతల భాగ్య డబ్బా వాయించుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించేది. ఒకరోజు రాహేలు నోటితో, నిజంగానే, ఒక కేక వేసి చూసింది. డబ్బా ఆగలేదు.

మరో పొద్దున పోయేసరికి చేను తూర్పు మూల పల్చగా కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే కంకులు ఒట్టి కట్టెలై ఉన్నాయి. చిలకలు తెలివి మీరాయి. గొట్టం అరిస్తే లేస్తున్నాయి, నాలుగు సాళ్లవతల వాలుతున్నాయి. ఒక గండు చిలక ఏకంగా గొట్టం అంచు మీదే కూర్చొని ముక్కు తుడుచుకుంటోంది. అరుపు వెనక రాయి రాదని వాటికి అర్థమైపోయింది.

ఏడాది తిండి అది. రాహేలు కొడవలి గట్టు మీద పడేసి, వడిసెల మెడలో వేసుకొని మంచె దగ్గరికి పరుగెత్తింది. పైనుంచి కొడితే తప్ప ఆ మూలకు రాయి అందదు. రోజూ ఎక్కే నిచ్చెనే, ఎవరు చూస్తారు కట్లు? చివరి మెట్టు మీద బరువు పడగానే అది పక్కకు ఒరిగింది. ఆమె చేతులకు ఆకాశం తప్ప ఏమీ అందలేదు.

కింద పడ్డప్పుడు ఎండు కందికట్టె విరిగిన చప్పుడైంది. అది తన కాలేనని ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. నొప్పి వచ్చేసరికి కళ్ల ముందు సజ్జ కాడలన్నీ నల్లబడ్డాయి.

తెలివి తిరిగాక కాలు చూసుకుంది. మోకాలి కింద అది పోవలసిన వైపు పోవడం లేదు. చూపు తిప్పుకుంది. సాళ్ల సందులోంచి దక్షిణం గట్టు కనిపిస్తోంది. ఎండకు సోలారు పలక తళతళమంటోంది. రెండు గుంజలకు దాన్ని బిగించి కట్టిన తాడు నీలంగా ఉంది. ఆ తాడు ఆమెకు తెలుసు. ఆ ముడులూ తెలుసు. తల పైకెత్తి నిచ్చెన వంక చూసింది. పై మెట్లకు చివికిన పాత కొబ్బరితాడే వేలాడుతోంది.

'నాకు కట్టిన తాడు విప్పి దానికి కట్టినావా బావా' అనుకుంది. నొప్పికి రాని ఏడుపు ఆ తాడును చూసి వచ్చింది.

"భాగ్యక్కా!" అని పిలిచింది. పడుకున్న మనిషి గొంతు మనిషెత్తు సజ్జను దాటలేదు. మోచేతుల మీద లేవబోయింది. కాడలు కదిలాయి. వెంటనే నెత్తి మీద గొట్టం గర్జించింది.

"ఓ... హోయ్!"

మళ్లీ పిలిచింది. మళ్లీ గొట్టం. ఆమె పిలుపు మీద ఆమె గొంతే పడి తొక్కేస్తోంది. ఆమె కదలకుండా బిగుసుకుపోయి గొట్టం ఆగేదాకా కాచుకుంది. వాగు దాటే కేక ఒక్కటే ఉంది. వెల్లకిలా పడుకొనే, పక్కటెముకలు నొప్పెట్టేట్టు గాలి లాక్కొని వేసింది.

"ఓ... హోయ్!"

వాగవతల డబ్బా చప్పుడు ఆగింది.

రాహేలు ఊపిరి బిగబట్టింది. విన్నది. భాగ్యక్క విన్నది. పలుకు అక్కా, ఒక్కసారి పలుకు. ఎక్కడో పిట్ట ఒకటి కూసింది. తర్వాత డబ్బా మళ్లీ మొదలైంది, ఇందాకటికంటే గట్టిగా.

రెండో కేక వేసింది. మూడోదీ వేసింది. ఇన్ని కేకలు విన్న మనిషి వచ్చి చూడాలి. రాలేదు. ఎందుకొస్తుంది? పొద్దున్నించి ఇలాంటివి ఎన్ని విని ఉంటుంది? రాహేలుకు భాగ్య మీద కోపం రాలేదు. తాను ఎంత అరిస్తే పెట్టె అంత బాగా పనిచేస్తున్నట్టే లెక్క. ఇంట్లో టింగు టింగుమంటూ ఉంటుంది. మూతి మీద చిన్న నవ్వు మెరుస్తూ ఉంటుంది.

ఎండ ముదిరింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చీమలు కాలి దగ్గరికి వరస కట్టాయి, వాటిని తోలడానికి చెయ్యి విదిలిస్తే గొట్టం అరిచింది. ఇట్లాగే సాయంత్రం అవుతుంది. గడ్డికి పోయిన మనిషి ఇంకా రాలేదేమని అతను తల ఎత్తేదెప్పుడు? ఒక్కోరోజు దీపాలు పెట్టేదాకా ఎత్తడు. అప్పటిదాకా ఈ ఎండలో తను ఉంటుందా? భయం అప్పుడు పట్టుకుంది ఆమెను, కాలి నొప్పిని కూడా మింగేసేంత భయం. ఫోను ఉంటే ఎంత బాగుండేది! ఫోను ఉంది. బొంగు మీద డబ్బాలో కూర్చొని తననే చూస్తోంది.

పెట్టెకు ఏమన్నా అయితే అతనికి తెలుస్తుంది. నాకేమన్నా అయితే తెలియదు.

ఆ మాట అనుకున్నాక రాహేలు ఏడుపు ఆపేసింది. తల పక్కకు తిప్పి తీగ కోసం వెతికింది. రెండు సాళ్లవతల ఉంది, నల్లటేపు చుట్టిన అతుకుతో సహా. రెండు సాళ్లంటే లేచి నడిచే మనిషికి ఒక్క అంగ. ఆమె మోచేతులు నేలకు ఆనించి వీపు మీద జరిగింది. గొట్టం అరిచింది. పళ్లు బిగించి మళ్లీ జరిగింది. మళ్లీ అరిచింది. విరిగిన కాలు వెనక ఈడ్చుకొస్తోంది, అది ఎవరిదో అయినట్టు. జరిగినప్పుడల్లా ఆమె నోట్లోంచి మూలుగు వస్తుంటే, పైన ఆమె గొంతే ఏ కష్టమూ ఎరగనట్టు ఉషారుగా కేకలు పెడుతోంది.

తీగ దగ్గరికి చేరాక చెయ్యి ఆగిపోయింది. పందులకు పెట్టే తీగ కూడా ఇట్లాగే, ఇంత అమాయకంగా పడి ఉంటుంది. టార్చిలైటు కరెంటంతే మే, అన్నాడు. చేత్తో పట్టుకున్నా ఏంగాదు. తాడు సంగతి చెప్పలేదు, ఇది మాత్రం చెప్పాడు. ఎట్లాంటి మనిషైతేనేం, కంప్యూటరు సంగతుల్లో అతను ఎన్నడూ ఒక్క అబద్ధం ఆడలేదు.

"ప్రభువా" అని కళ్లు మూసుకొని పట్టుకుంది. ఏమీ కాలేదు. గోళ్లతో టేపు పీకింది. చెమటకు వేళ్లు జారాయి, పళ్లతో పీకింది. మెలి విప్పడానికి రాలేదు. తీగను పిడికిటికి చుట్టుకొని, ఉన్న బలమంతా పెట్టి గుంజింది.

"ఓ... హో" దగ్గర గొట్టం నోరు పడిపోయింది.

చేనంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇన్ని రోజుల తర్వాత సజ్జాకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వినిపించింది. కాసేపటికి రెక్కల చప్పుడు. చిలకలు దిగాయి, ఒక మూల కాదు, చేనంతా. ఆమె మొహానికి బారెడు ఎత్తులో ఒక కంకి మీద రెండు వాలి, కింద ఉన్నది చచ్చినదో బతికినదో తలలు వంచి చూసి, తీరిగ్గా తినడం మొదలుపెట్టాయి. నలిగిన గింజల పొట్టు ఆమె బుగ్గల మీద రాలింది. రాహేలు తోలలేదు. తినండి, అనుకుంది. మీరు తిన్నా సరే, ఆయన రానీ.

మోటర్ సైకిల్ చప్పుడు వినిపించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. గట్టు మీద బండి ఆగింది. సంచిలో పనిముట్లు గలగలమన్నాయి. అరవడానికి నోరు తెరిచింది. తెరిచి, మళ్లీ మూసుకుంది. ఎందుకు మూసుకుందో అప్పుడామెకు తెలియదు. ఎటు పోతాడో చూడాలనుకుంది, అంతే. గట్టు మీద కొడవలి ఉంది. నిచ్చెన మెట్టు వేలాడుతోంది. చేలో చిలకలు ఊరేగుతున్నాయి. కళ్లున్న మనిషికి అవి చాలు.

జాషువా బొంగు దగ్గరికే పోయాడు.

డబ్బా మూత తీసిన చప్పుడు. "అంతా బాగనే ఉండాదే... కరెంటే రావడం లేదు" అని గొణుక్కోవడం. సాళ్ల సందులోంచి అతని చెప్పులు కనిపించాయి. ఆ చెప్పులు అటు తిరిగి, ఇటు తిరిగి, తీగ దగ్గర ఆగాయి. తీగ ఎక్కడ తెగిందో వెతికేటప్పుడు అతను ఎప్పుడూ చేసినట్టే, వంగి, దాన్ని వేళ్ల సందున పట్టుకొని, కళ్లతో కాక చేత్తో తడుముకుంటూ రాసాగాడు. బొంగు నుంచి ఒక సాలు. ఇంకో సాలు. ఆమె పిడికిట్లో తీగ మెల్లగా బిగుసుకుంది, అవతలి కొసన గాలానికి ఏదో పడినట్టు. సజ్జ కాడలు పక్కకు తొలిగాయి.

తీగ కొస పట్టుకున్న చెయ్యి కనిపించింది అతనికి. తర్వాత మనిషి కనిపించింది.

"పెట్టె బాగనే ఉంది బావా" అంది రాహేలు. "నాకే బాగలేదు."

జాషువా మోకాళ్ల మీద కూలబడి కాలి వంక చూశాడు, మెట్టు వంక చూశాడు, గట్టు మీది నీలం తాడు వంక చూశాడు. ఆ మూడూ అతని తలలో ఒకదానికొకటి కలిసినట్టున్నాయి. లేచి నిలబడి, వాగు వైపు తిరిగి అరిచాడు. అది కేకా కాదు, పిలుపూ కాదు. ఆ మగగొంతుకు వాగవతల డబ్బా ఆగింది. ఈసారి మళ్లీ మొదలు కాలేదు.

మార్కాపురంలో ఎముకల డాక్టరు కాలికి తొడ దాకా కట్టు వేసి, పంట ఇంటికొచ్చేదాకా నేల మీద మోపొద్దన్నాడు. రాహేలు మంచం మీదికి, జాషువా చేలోకి మారారు. చీకటి విచ్చీ విచ్చకముందే పోతున్నాడు. ఎండ మండాక వచ్చి, గంజి కాచి, ఆమె పక్కన కూర్చొని తాగి, పొద్దు వాలేవేళ మళ్లీ పోతున్నాడు. వడిసెల రాపిడికి వేళ్లు పుళ్లయ్యాయి. తూర్పు మూల పోయింది పోగా మిగిలినదాన్ని కాపాడుతున్నాడు. కంప్యూటర్లు సీసా మూతల మధ్య అట్లాగే ఉన్నాయి. పెట్టె వాటి పక్కన ఉంది.

ఒక మధ్యాహ్నం ఆమే అడిగింది.

"దానికి కన్ను పెట్టినావు గదా బావా. నన్ను చూడలేదా?"

జాషువా గ్లాసు కింద పెట్టాడు. "చూసింది. ఏదో కదిలిందని చూసింది. కదిలింది ఏందో చూడమని నేనే దానికి చెప్పలేదు." వేళ్ల మీది పుళ్లు చూసుకుంటూ, "ఆ పొద్దున ఆగకుండా మోగింది మే ఫోను. టింగు టింగుమంటానే ఉండింది. ఎంత బాగా పనిచేస్తుందో చూడు అని నాగూర్ వలి భాయ్‌కి ఫోన్ చేసి మరీ వినిపించినా" అన్నాడు. చెప్పి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

రాహేలుకు అతన్ని కొట్టాలనిపించింది. చెయ్యి ఎత్తింది కూడా. అది పోయి అతని తల మీద పడి, అక్కడే ఉండిపోయింది.

"తాడు?" అంది.

"మంచె ఇంక ఎవరెక్కుతారులే అనుకున్నా. నువ్వు పోతానే ఉన్నావని చూస్తానే ఉన్నా. అయినా అట్ల అనుకున్నా."

భాగ్య మాత్రం ఇంటి ఛాయలకు రాలేదు. ఆటోలోకి ఎత్తడానికి సాయం పట్టింది గానీ రాహేలు మొహంలోకి చూడలేదు. "చేలో నేను నోరు తెరవకముందే పలుకుతుంది మే. నేను దగ్గినా పలుకుతుంది. పలకరిస్తే మాత్రం తల తిప్పుకుంటుంది" అని జాషువా చెప్పాడు.

ఆ సాయంత్రం అతను చేనికి బయల్దేరబోతూ ఆగి, ల్యాప్‌టాపు తెచ్చి మంచం మీద పెట్టాడు. తెర మీద అవే గీతలు, అదే తుమ్మకంప.

"తీసేస్తా మే దీన్ని. నీ చేత్తో తీసేయించాలని ఆగినా. ఈ మీట నొక్కు, పోతుంది."

రాహేలు ఆ గీతల వంక చూసింది. ముందున్న ఊపిరి లేదు, వెనకున్న ఆయాసం లేదు. "ఒక్కసారి వినిపించు" అంది.

"ఎందుకు మే?"

"పెట్టెలోది ఎప్పుడూ విన్నా. ఇంట్లో ఎట్ల ఉంటుందో వింటా."

అతను మీట నొక్కాడు. గోడలు అదిరేట్టు ఆమె గొంతు మోగింది. కొట్టంలో బర్రె లేచి నిలబడింది.

"ఓ... హోయ్!"

అవతలి వీధిలో ఏదో గిన్నె దొర్లిన చప్పుడైంది. వెంటనే, ఊపిరి తీసుకునే ఎడం కూడా లేకుండా, మారుకేక వచ్చింది. దాని వెనకే చెప్పుల్లేని కాళ్ల పరుగు. వాకిలి తలుపు బాదుకుంటూ తెరుచుకుంది. గడపలో భాగ్య నిలబడి ఉంది, మోచేతుల దాకా జొన్నపిండితో, కొప్పు విడిపోయి, రొమ్ము ఎగిరెగిరి పడుతూ.

"ఏమైంది మే? పడినావా? ఏమైంది?"

రాహేలుకు ముందు నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపొచ్చింది. "ఏంగాలేదు భాగ్యక్కా" అంది ల్యాప్‌టాపు చూపించి. "నేను గాదు. పెట్టే."

భాగ్య తెర వంక చూడలేదు. మంచం పక్కన నేల మీద చతికిలబడి, పిండిచేత్తోనే రాహేలు చెయ్యి పట్టుకుంది.

"పెట్టెయితేనేం మే" అంది ఎగశ్వాస మధ్య. "గొంతు నీదే గదా. ఆ పొద్దు కూడా ఒకసారి డబ్బా ఆపినా. ఏదో తేడాగా ఉందే అనుకున్నా. అనుకొని కూడా రాలేదు. ఇంక గొట్టం అరిచినా, గోడ అరిచినా వస్తా."

రాహేలు రెండో చెయ్యి చాపి, జాషువా చూపించిన మీట నొక్కింది. గీతలన్నీ ఒక్కసారిగా పోయి తెర తెల్లగా అయింది.

"పొద్దు వాలుతుంది, చిలకలొచ్చే ఏళయింది" అంటూ భాగ్య కొప్పు ముడుచుకుంది. "పా జాషువా, పిండి రేపైనా పిసుక్కోవచ్చు."

"పొద్దెక్కినాక కంప్యూటర్లు చూసుకో బావా" అంది రాహేలు వెనకనుంచి. "నాగూర్ వలి భాయ్ ఎన్నాళ్లు ఆగుతాడు? పొద్దెక్కేదాకా మాత్రం చేను."

"ఊఁ" అన్నాడు జాషువా. వడిసెల మెడలో వేసుకొని భాగ్య వెనక నడిచాడు.

చీకటి పడే ముందు గాలి తిప్ప మీంచి ఊళ్లోకి తిరిగింది. దాంతోపాటు ఒక బొంగురుపోయిన మగకేక సన్నగా తేలుతూ వచ్చింది. ఒకటి. రాహేలు దుప్పటి అంచు గట్టిగా పట్టుకొని చెవి పెట్టింది. వాగవతల నుంచి భాగ్య మారుకేక వినపడ్డాక, దుప్పటి వదిలి, తనకు మాత్రమే వినపడేట్టు "ఓ" అంది.